వందేళ్ల ఇటుక ఇంటిని తోటి వాటాదారులు కూల్చకుండా ఆపవచ్చా?

ప్రశ్న: బందరులో డచ్ సమాధులకు దగ్గరలో మాకు బ్రిటిష్ కాలం నాటి ఇటుక ఇల్లు ఉంది. దాన్ని కొన్న మా నాన్నగారు వీలునామా రాయకుండా కాలం చేశారు. అమ్మ అంతకుముందే పోయారు. అన్నలిద్దరూ బిల్డరుకు అమ్మేద్దామంటున్నారు. వందేళ్లు దాటిన ఇల్లు కనుక చట్టం కాపాడదా?

జవాబు: వయసు ఒక్కటే చూపి ఆపలేరమ్మా. 1958 నాటి కేంద్ర ప్రాచీన కట్టడాల చట్టం వందేళ్లు నిండిన ప్రతి ఇంటికీ దానంతట అదే వర్తించదు. ప్రభుత్వం నోటిఫికేషను ఇచ్చి, రెండు నెలల గడువులో వచ్చిన అభ్యంతరాలను పరిశీలించి, రక్షిత కట్టడంగా ప్రకటిస్తేనే వర్తిస్తుంది. సొంత నివాసాలకు అటువంటి ప్రకటన రావడం అరుదు.

మీ అసలు బలం వాటాలో ఉంది. మీరు హిందువులైతే, హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ప్రకారం అన్నలు తమ వాటాలను బయటివారికి అమ్మదలచినప్పుడు వాటిని ముందుగా కొనే హక్కు మీది. ధర కుదరకపోతే కోర్టు నిర్ణయిస్తుంది. విభజన దావాలో ఇల్లు పంచడానికి వీలు కాదని వారు అమ్మకం కోరినా, 1893 నాటి పార్టిషన్ చట్టం 3వ సెక్షన్ కింద కోర్టు కట్టిన విలువకు వారి వాటాలు కొంటానని మీరు అడగవచ్చు. అయితే రెండు మార్గాల్లోనూ డబ్బు సిద్ధంగా ఉండాలి; ఇల్లంటే ఉన్న మమకారాన్ని కోర్టు విలువ కట్టదు. దావా తేలేలోగా కూల్చకుండా తాత్కాలిక ఇంజంక్షన్ కోరండి, ప్లాను మంజూరు చేయవద్దని మునిసిపల్ కమిషనరుకు లిఖితపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి.

ఇక దూరం సంగతి. డచ్ సమాధుల స్థలం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. దాని రక్షిత హద్దు నుంచి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ నిబంధన పాత ఇంటి కూల్చివేతను నేరుగా ఆపదు గాని, అపార్టుమెంటు లేవదని తెలిసిన బిల్డరు ఆ స్థలం కొనడానికి వెనుకాడతాడు. కనుక ముందు సర్వే చేయించి ఆ దూరం తేల్చుకోండి. ఇల్లు 100 మీటర్లలోపే ఉంటే, 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న కట్టడం కాబట్టి మరమ్మతులకు పైన చెప్పిన 1958 చట్టం 20సి సెక్షన్ కింద మీరూ దరఖాస్తు చేసుకోవాలి.