ఇంట్లో పాట, గిటార్ రికార్డింగ్‌కి ఏ ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకోవాలి?

మీరు అడిగింది ఇది: ఇంట్లోనే పాడుతూ, గిటార్ వాయిస్తూ రికార్డ్ చేసుకోవాలి. ల్యాప్‌టాప్ విండోస్‌ది. మైకు ష్యూర్ ఎస్‌ఎం7బి ఇప్పటికే కొనేశారు. చూసిన రెండు ఇంటర్‌ఫేస్‌లలో (మైకునీ గిటార్‌నీ కంప్యూటర్‌కి కలిపే డబ్బాలు) ఒకటి 96 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్ని వేలసార్లు కొలుస్తుందో) దాకా, ఇంకొకటి 192 దాకా వెళ్తుంది కాబట్టి రెండోదే మంచిదా అని మీ సందేహం.

కొన్నేళ్లుగా ఇంట్లో రికార్డ్ చేసుకుంటున్నాను, తెలిసినవాళ్లకి సెటప్ పెట్టి ఇస్తుంటాను కూడా. ఆ అనుభవంతో చెప్తున్నాను, ఆ 192 అనే అంకెని పక్కన పెట్టేయండి. మీరు చూడాల్సినవి ముఖ్యంగా రెండు: ప్రీయాంప్‌లో గెయిన్ ఎంత ఉంది, విండోస్‌లో దాని డ్రైవర్ (దాన్ని కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) ఎంత బాగా పనిచేస్తుంది. ఈ రెండూ బాగుంటే మిగతా విషయాల్లో ఈ రోజుల్లో వచ్చే ఇంటర్‌ఫేస్‌ల మధ్య పెద్ద తేడా ఉండదు.

ముందు గెయిన్ సంగతి. మైకులోంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాన్ని డిజిటల్‌గా మార్చడానికి పనికొచ్చే స్థాయికి పెంచేది ప్రీయాంప్. ఎంతవరకు పెంచగలదో అదే గెయిన్, దాన్ని డెసిబెల్స్‌లో రాస్తారు. మీ ఎస్‌ఎం7బి డైనమిక్ మైకు, అందులోనూ సిగ్నల్ బాగా తక్కువ ఇచ్చే రకం. కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలని ష్యూర్ వాళ్లే చెప్తారు. ఇప్పుడు ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 చూడండి. 2019లో వచ్చిన మూడో తరంలో గెయిన్ 56 డెసిబెల్స్. 2023లో వచ్చిన నాలుగో తరంలో 69. పేరు అదే, ఎర్ర డబ్బా అదే, కానీ మీ మైకుకి ఒకటి చాలీచాలకుండా ఉంటుంది, ఇంకొకటి హాయిగా సరిపోతుంది. అందుకే సెకండ్ హ్యాండ్‌లోనో, పాత స్టాక్‌లోనో తీసుకునేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చూస్తే చాలదు, ఏ తరమో అడగాలి. అదే కుటుంబంలోని చిన్నది, స్కార్లెట్ సోలో, నాలుగో తరంలో కూడా 57 దగ్గరే ఆగిపోతుంది. మోటూ ఎం2లో 60, ఎస్‌ఎస్‌ఎల్ 2లో 62 ఉంది.

గెయిన్ చాలకపోతే ఏమవుతుందో చెప్తాను. మెత్తగా పాడే గొంతుని ఇలాంటి మైకుతో, 56 డెసిబెల్స్ ఇంటర్‌ఫేస్‌లో రికార్డ్ చేశాం. నాబ్ చివరిదాకా తిప్పినా మీటర్ సగం కూడా లేవలేదు. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో లెవెల్ పెంచితే పాటతోపాటు వెనకాల ‘స్‌స్‌స్’ అనే హిస్ కూడా లేచింది. పాడుతున్నంతసేపూ అది తెలియదు. పల్లవి అయిపోయి చరణం ఎత్తుకునే ముందు ఊపిరి పీల్చుకునే చోట మాత్రం స్పష్టంగా వినపడుతుంది. ఇక కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించే ఎఫెక్ట్) వేశారంటే అది ఇంకా పైకొస్తుంది. కొన్ని ప్రీయాంప్‌లలో నాబ్ చివరి భాగంలోనే హిస్ ఒక్కసారిగా పెరుగుతుంది, అంటే మీ మైకు పనిచేసేది సరిగ్గా ఆ పనికిరాని చోటే. దీనికి విరుగుడుగా మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య క్లౌడ్‌లిఫ్టర్ లాంటి చిన్న బూస్టర్ పెడతారు. అది ఇంటర్‌ఫేస్ మైకు కేబుల్ ద్వారా పంపే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) తీసుకుని సుమారు 25 డెసిబెల్స్ కలుపుతుంది. బాగానే పనిచేస్తుంది. కానీ ఇంటర్‌ఫేస్ ఇంకా కొననివాళ్లు ముందు తక్కువ గెయిన్‌ది కొని, తర్వాత బూస్టర్ కొనడం నాకు నచ్చదు. ఆ రెండింటి డబ్బుతో ఒకేసారి మంచి ఇంటర్‌ఫేస్ వస్తుంది, మధ్యలో ఇంకో కేబుల్ గొడవా ఉండదు.

కండెన్సర్ మైకు (ఫాంటమ్ పవర్‌తో నడిచి సిగ్నల్ గట్టిగా ఇచ్చే రకం) ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు. దానికి 30, 40 డెసిబెల్స్ చాలా సందర్భాల్లో సరిపోతుంది, ఫాంటమ్ పవర్ ఉంటే చాలు.

నాయిస్ గురించి స్పెసిఫికేషన్‌లో ఈఐఎన్ (ప్రీయాంప్ తనంతట తాను కలిపే నాయిస్) అని ఒక అంకె డెసిబెల్స్‌లో ఉంటుంది, మైనస్ 127, మైనస్ 129 అంటూ, ఎంత మైనస్ అయితే అంత మంచిది. 150 ఓమ్‌ల మైకుకి భౌతిక శాస్త్రం ప్రకారం ఎవరూ దాటలేని హద్దు సుమారు మైనస్ 131. అంటే అందరూ ఆ హద్దుకి దగ్గర్లోనే ఉన్నారు. రెండు డెసిబెల్స్ తేడా కోసం బుర్ర పాడుచేసుకోకండి. మీ గదిలో ఫ్యానూ, ల్యాప్‌టాప్ ఫ్యానూ చేసే చప్పుడు అంతకన్నా చాలా ఎక్కువ.

ఇక డ్రైవర్. నన్నడిగితే గెయిన్ కన్నా ఇదే ముఖ్యం, పైగా దీని గురించి డబ్బా మీద ఒక్క ముక్క ఉండదు. మ్యాక్‌లో కోర్ ఆడియో అనే సొంత ఆడియో వ్యవస్థ ఉంది కాబట్టి చాలావరకు ఏది పెట్టినా పని జరిగిపోతుంది. విండోస్‌లో అలా కాదు. సంగీతం పనికి ఇప్పటికీ 1997లో స్టైన్‌బర్గ్ వాళ్లు తెచ్చిన ఏఎస్‌ఐఓ పద్ధతే ఆధారం, ఆ డ్రైవర్‌ని ఇంటర్‌ఫేస్ కంపెనీ స్వయంగా రాసి ఇవ్వాలి. కొన్ని చవక ఇంటర్‌ఫేస్‌లకి సొంత డ్రైవర్ ఉండదు, ఏఎస్‌ఐఓ4ఆల్ అనే సాధారణ సాఫ్ట్‌వేర్ వేసుకోమంటారు. అది విండోస్ మామూలు ఆడియో డ్రైవర్ మీద కూర్చుని నడుస్తుంది. నడవదని అనను, నడిచినంతకాలం నడుస్తుంది. కానీ మంచి టేక్ మధ్యలో ‘టప్‌టప్’ అని క్లిక్కులు పడితే ఆ టేక్ మళ్లీ రాదు. పాడేవాళ్ల మూడ్ పోయిందంటే పోయినట్టే.

డ్రైవర్ మంచిదా కాదా అనేది లేటెన్సీలో తెలుస్తుంది. లేటెన్సీ అంటే మీరు పాడింది కంప్యూటర్‌లోకి వెళ్లి, తిరిగి హెడ్‌ఫోన్స్‌లో మీకు వినపడడానికి పట్టే ఆలస్యం. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి పోగుచేసుకునే శబ్దం) 128 శాంపిల్స్, శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ అయితే ఒక బఫర్‌కి 2.7 మిల్లీసెకన్లు. రాకకి ఒకటి, పోకకి ఒకటి, దాని మీద కన్వర్టర్లు (శబ్దాన్ని డిజిటల్‌గా, మళ్లీ వెనక్కి మార్చేవి) తీసుకునేది, డ్రైవర్ తన జాగ్రత్త కోసం దాచుకునేది కలుస్తాయి. ఈ చివరిదాంట్లోనే తేడాలన్నీ ఉంటాయి. ఒకే ల్యాప్‌టాప్‌లో, అదే బఫర్‌తో, ఒక ఇంటర్‌ఫేస్‌కీ ఇంకోదానికీ మొత్తం ఆలస్యం దాదాపు రెట్టింపు ఉండడం చూశాను. గాలిలో శబ్దం మీటరు దూరం పోవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, 6 మిల్లీసెకన్లంటే రెండు మీటర్ల దూరంలో ఉన్న ఆంప్ ముందు వాయిస్తున్నట్టు ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది కాదు. 20 దాటితే గిటార్ స్ట్రోక్ చేతికి వెనకబడి వస్తున్నట్టు అనిపిస్తుంది, మీకు తెలియకుండానే లయ లాగుతారు. గొంతుకైతే ఇంకా ముందే తెలిసిపోతుంది, ఎందుకంటే మన గొంతు మనకి తల లోపలి నుంచి ఎలాగూ వినపడుతూ ఉంటుంది. దానికి హెడ్‌ఫోన్స్‌లోది కొంచెం ఆలస్యంగా కలిస్తే డబ్బాలో పాడుతున్నట్టు వినపడుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో చూపించే లేటెన్సీ అంకెని పూర్తిగా నమ్మక్కర్లేదు, అది డ్రైవర్ చెప్పుకున్నది. నిజంగా ఎంతో మీరే కొలవచ్చు. ఇంటర్‌ఫేస్ వెనకాల ఉన్న లైన్ అవుట్‌ని ఒక జాక్ కేబుల్‌తో ముందున్న లైన్ ఇన్‌పుట్‌కి కలపండి. డైరెక్ట్ మానిటర్ (దీని సంగతి కింద చెప్తాను) ఆపేయండి, కొత్త ట్రాక్ మీద ఇన్‌పుట్ మానిటరింగ్ (రికార్డ్ అయ్యేదాన్ని సాఫ్ట్‌వేర్ అప్పుడే తిరిగి వినిపించడం) కూడా ఆపేయండి, లేకపోతే కీచుమని తిరుగుతుంది. ఒక ట్రాక్‌లో క్లిక్ శబ్దం పెట్టి ప్లే చేస్తూ దాన్నే కొత్త ట్రాక్‌లో రికార్డ్ చేయండి. సాఫ్ట్‌వేర్ ఆలస్యాన్ని తనంతట తాను సరిదిద్దే ఆప్షన్ ఉంటే ఈ పరీక్షకి అది ఆపేయాలి. తర్వాత రెండు క్లిక్‌లనీ బాగా జూమ్ చేసి, మధ్య దూరం ఎన్ని శాంపిల్స్ ఉందో చూసి, శాంపిల్ రేటుతో భాగించండి. అదే అసలు లెక్క. ఇంటర్‌ఫేస్ ఇంటికి రాగానే, వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే ఈ పని చేయండి.

డైరెక్ట్ మానిటర్ ఉంటే లేటెన్సీ సమస్యే లేదు కదా అని కొందరంటారు. గొంతుకి నిజమే. ఆ బటన్ నొక్కితే మైకు సిగ్నల్ కంప్యూటర్‌దాకా పోకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌కి వచ్చేస్తుంది, ఆలస్యం చెవికి తెలియదు. కాకపోతే రివర్బ్ (గదిలో మారుమోగినట్టు చేసే ఎఫెక్ట్) ఉండదు, గొంతు పొడిగా వినపడుతుంది. కొంతమంది అలా పాడలేరు, శ్రుతి కూడా కదులుతుంది. అలాంటివాళ్లకి సాఫ్ట్‌వేర్‌లో రివర్బ్ మాత్రమే పంపే ట్రాక్ పెట్టి, డ్రై గొంతుని డైరెక్ట్‌గా వినిపిస్తాను. రివర్బ్ కొద్దిగా ఆలస్యంగా వచ్చినా ఎవరూ గుర్తుపట్టరు. గిటార్‌ని మాత్రం సాఫ్ట్‌వేర్ ఆంప్ ద్వారా వాయించేట్టయితే డైరెక్ట్ మానిటర్ మిమ్మల్ని కాపాడదు, ఎందుకంటే మీకు కావాల్సిన టోన్ కంప్యూటర్‌లోనే తయారవుతుంది. అప్పుడు మంచి డ్రైవర్ ఉండి తీరాలి. ఇంకో చిన్న విషయం: డైరెక్ట్ మానిటర్‌లో మోనో, స్టీరియో రెండూ ఎంచుకునే వీలుందా చూడండి. స్టీరియో ఒక్కటే ఉంటే మైకు ఎడమ చెవిలో, గిటార్ కుడి చెవిలో వినపడతాయి. ఒక్క చెవిలో తన గొంతు వింటూ పాడడం చాలా కష్టం.

ఇప్పుడు మీరు అడిగిన 192 విషయం. మనిషి చెవికి వినపడేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్. దాన్ని పట్టుకోవడానికి 44.1 గానీ 48 గానీ చాలు. వీడియోకి కూడా వాడేట్టయితే 48 పెట్టుకోండి. 192 పెడితే ఫైళ్లు నాలుగు రెట్లు పెరుగుతాయి, ప్రాసెసర్ మీద భారం పెరుగుతుంది, పాట మాత్రం అదే. 24 బిట్ (ఒక్కో శాంపిల్‌ని ఎంత సూక్ష్మంగా రాసుకుంటుందో చెప్పే అంకె) మాత్రం తప్పకుండా వాడండి. 16 బిట్‌కి సిద్ధాంతపరంగా సుమారు 96 డెసిబెల్స్ పరిధి ఉంటే, 24 బిట్‌కి 144 ఉంటుంది. అందుకని రికార్డింగ్ లెవెల్ భయంభయంగా పైకి నెట్టక్కర్లేదు. గట్టిగా పాడిన చోట మీటర్ మైనస్ 10 దగ్గర ఉండేలా పెట్టుకుంటే హఠాత్తుగా గొంతు లేచినా క్లిప్ అవ్వదు, అంటే శబ్దం పగలదు.

గిటార్ నేరుగా పెట్టే ఇన్‌పుట్‌కి ‘ఇన్‌స్ట్రుమెంట్’ లేదా ‘హై జెడ్’ (Hi-Z) అని స్విచ్ ఉంటుంది. అది నొక్కితే ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి చూపే నిరోధం) సుమారు 1 మెగాఓమ్‌కి పెరుగుతుంది. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే గిటార్ పికప్ మీద భారం పడి పై ఫ్రీక్వెన్సీలు చచ్చిపోతాయి, దుప్పటి కప్పినట్టు వినపడుతుంది. ఇప్పుడొచ్చేవాటిలో చాలావాటికి ఈ స్విచ్ ఉంది, ఉంటే నొక్కడం గుర్తుంటే చాలు.

హెడ్‌ఫోన్స్ 250 ఓమ్‌లవి వాడుతుంటే యూఎస్‌బీ కరెంటుతోనే నడిచే చిన్న ఇంటర్‌ఫేస్‌లో వాల్యూమ్ చాలకపోవచ్చు. 32 నుంచి 80 ఓమ్‌లవి అయితే టెన్షన్ లేదు. యూఎస్‌బీ-సీ అని గొప్పగా రాస్తే అది పిన్ను ఆకారం మాత్రమే. రెండు ఇన్‌పుట్‌లు, రెండు అవుట్‌పుట్‌లకి పాత యూఎస్‌బీ 2 వేగమే కావాల్సినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఒక విషయం ఎవరూ ముందుగా చెప్పరు. ఇంటర్‌ఫేస్ పెట్టాక స్పీకర్లలో ‘గుయ్’ మనే హమ్ము వస్తే, వెంటనే దాన్ని వెనక్కి పంపేయకండి. ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. నాకు తెలిసిన సెటప్‌లలో చాలాసార్లు చార్జర్ తీయగానే ఆగిపోయింది. అది గ్రౌండ్ లూప్ (ఎర్త్ ఒకటికి మించిన దార్లలో కలవడం), ఇంటర్‌ఫేస్ తప్పు కాదు. స్పీకర్లకి బ్యాలెన్స్‌డ్ కేబుల్స్ వాడితే, అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెడితే చాలావరకు తగ్గుతుంది. ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి, అది ప్రాణానికి రక్షణ.

మీ స్థానంలో నేనుంటే స్కార్లెట్ 2ఐ2 నాలుగో తరం, మోటూ ఎం2, ఎస్‌ఎస్‌ఎల్ 2, ఈ మూడింట్లోంచి ఒకటి తీసుకుంటాను. మెత్తగా పాడతారంటే మొదటిదే, గెయిన్‌కి కొదవ ఉండదు. ఎం2 ముందుభాగంలో ఉన్న చిన్న స్క్రీన్ మీద లెవెల్స్ స్పష్టంగా కనపడతాయి, పాడేవాళ్లూ రికార్డ్ చేసేవాళ్లూ ఒకరే అయినప్పుడు అది నిజంగా పనికొస్తుంది, కానీ మీ మైకుకి 60 అంటే సరిగ్గా అంచు మీద ఉన్నట్టు. కాస్త గట్టిగా, మైకుకి దగ్గరగా పాడేవాళ్లకి సరిపోతుంది.

మీ గిటార్ అకూస్టిక్కా, ఎలక్ట్రిక్కా రాయలేదు. ఎలక్ట్రిక్ అయినా, పికప్ ఉన్న అకూస్టిక్ అయినా పైన చెప్పింది సరిపోతుంది. పికప్ లేని అకూస్టిక్ అయితే దానికి వేరే మైకు కావాలి, బహుశా కండెన్సర్ తీసుకుంటారు. 2ఐ2లో ఫాంటమ్ బటన్ రెండు ఇన్‌పుట్‌లకీ కలిపి ఒకటే, ఎం2లో, ఎస్‌ఎస్‌ఎల్ 2లో దేనికది విడిగా ఉంటుంది. కేబుల్ మంచిదైతే ఎస్‌ఎం7బికి ఫాంటమ్ తగిలినా ఏమీ కాదు కాబట్టి మీకు రెండు పద్ధతులూ ఇబ్బంది లేదు. గిటార్ ఏదో, గొంతూ గిటారూ ఒకేసారి రికార్డ్ చేస్తారా విడివిడిగానా చెప్పండి, మైకులు ఎక్కడ పెట్టాలో కూడా రాస్తాను.