విశాఖా? చెన్నయ్యా? బరంపురం అమ్మాయి మొదటి ఉద్యోగం

ప్రశ్న: మాది బరంపురం. మా అమ్మాయి ఇక్కడే ఒడియా మీడియంలో పదో తరగతి, తర్వాత ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది. ఇప్పుడు రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి విశాఖలో, పరవాడ ఫార్మా సిటీలో మెయింటెనెన్స్ పని. జీతం 15,500, బేసిక్ 10,000. కాకపోతే కాంట్రాక్టరు ద్వారా అంటున్నారు. రెండోది చెన్నైలో, ఒరగడంలో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో ట్రైనీ. ఏడాదికి 2 లక్షల 60 వేలు సీటీసీ అంటున్నారు. హాస్టల్ కూర్మన్నపాలెంలో 5,500, ఒరగడం వైపు 6,500 చెప్పారు. నాలుగేళ్లు పనిచేసి, ఒడిశాలో కరెంటు శాఖ వైపు రావాలని పాప ఆశ. మేము ఆంధ్రలో బీసీ కులం వాళ్లం. విశాఖ వెళ్తే అక్కడి రిజర్వేషన్ ఏమైనా కలిసొస్తుందా? రెండూ సముద్రం పక్క ఊళ్లే, ఎక్కడికి పంపమంటారు?

జవాబు: ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. పాప పనిచేసేది బీచ్ ఉన్న విశాఖలోనూ కాదు, మెరీనా ఉన్న చెన్నైలోనూ కాదు. పరవాడ 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఒరగడం కాంచీపురం జిల్లా. తాంబరం నుంచి పడప్పై మీదుగా లోపలికి వెళ్లాలి, సముద్రం కనపడదు. అందుకే ఊరికీ ఊరికీ పోలిక పెట్టకండి. ఆ గేటుకీ ఈ గేటుకీ, ఆ కాగితానికీ ఈ కాగితానికీ పోలిక పెట్టండి.

కాగితం నుంచే మొదలుపెడదాం. మీరు 2 లక్షల 60 వేలను పన్నెండుతో భాగించి 21,600 అనుకుని, విశాఖ కంటే ఆరు వేలు ఎక్కువని లెక్క వేసి ఉంటారు. కంపెనీ చెప్పింది సీటీసీ, అంటే పాప మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అందులో పాప చేతికి రాని డబ్బు కూడా ఉంటుంది. ఒక మామూలు విడదీత చూడండి. బేసిక్ 12,000, మిగతా అలవెన్సులతో కలిపి గ్రాస్ 19,000. దానిమీద కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,440. కంపెనీ వాటా ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, గ్రాస్ మీద 3.25 శాతం, 618. గ్రాట్యుటీ పేరిట బేసిక్ మీద 4.81 శాతం, 577. అన్నీ కూడితే 21,635 అవుతుంది, ఏడాదికి 2 లక్షల 60 వేలకు దగ్గర. ఇప్పుడు 19,000 లోంచి పాప వాటా పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 0.75 శాతం కింద 143 కోస్తారు. చేతికి 17,417 వస్తుంది.

విశాఖ జీతాన్నీ ఇలాగే చూద్దాం. 15,500 లోంచి పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 117 పోతే 14,183. వృత్తి పన్ను రెండుచోట్లా ఉండేదే, చిన్న మొత్తం కాబట్టి పక్కన పెట్టాను. తేడా ఆరు వేలు కాదు, 3,234. హాస్టల్ తేడా వెయ్యి తీసేస్తే 2,200 మిగులుతుంది. ఒరగడంలో కంపెనీ బస్సుకూ క్యాంటీనుకూ కోత ఉందేమో అడగండి. ఉంటే ఇంకా తగ్గుతుంది. ఇది నేను వేసిన అంచనా విడదీతే. మీ కాగితంలో బేసిక్ వేరేగా ఉంటే అంకెలు కొంచెం మారతాయి. జీతం విడదీత పత్రం పంపమని హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి, అడిగితే ఇస్తారు.

ఆ 2,200 కోసం ఎంత దూరం వెళ్తున్నట్టు? బరంపురం నుంచి విశాఖ రైల్లో సుమారు 280 కిలోమీటర్లు, నాలుగైదు గంటలు. శనివారం షిఫ్టు దిగి రాత్రికి ఇంటికొచ్చి, ఆదివారం సాయంత్రం తిరిగి వెళ్లొచ్చు. పరవాడ వైపు ఉండేవాళ్లు విశాఖ పెద్ద స్టేషన్‌కు వెళ్లక్కర్లేదు, దువ్వాడలో దిగితే కూర్మన్నపాలెం పక్కనే. చాలా రైళ్లు విశాఖ లోపలికి వెళ్లకుండా దువ్వాడ మీదుగానే పోతాయి. టికెట్ తీసేటప్పుడు స్టేషన్ పేరు చూసుకోండి. చెన్నై అయితే వెయ్యి కిలోమీటర్లు దాటి ఉంటుంది, రైలు పదిహేడు పద్దెనిమిది గంటలు. సెంట్రల్‌లో దిగి, ఎదురుగా ఉన్న పార్క్ స్టేషన్‌లో తాంబరం లోకల్ ఎక్కి, అక్కడి నుంచి బస్సు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. దసరాకో, రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రకో పాప రావాలంటే, బుకింగ్ తెరిచిన రోజు పొద్దున్నే కూర్చోవాలి. కొత్త ట్రైనీకి రెండు నెలల ముందే సెలవు ఖాయం కాదు. చిక్కు అక్కడొస్తుంది.

తుపానుల మాట అందరూ అడుగుతారు. 2013లో ఫైలిన్ మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2014లో హుద్‌హుద్ విశాఖను ఊపేసింది, 2018లో తిత్లీ పలాస, గజపతి వైపు దెబ్బకొట్టింది. చెన్నై 2015 డిసెంబరులోనూ 2023 డిసెంబరులోనూ నీట మునిగింది. భద్రమైన ఊరంటూ ఈ తీరంలో లేదు. తేడా ఒక్కటే. మనకూ విశాఖకూ గండం ఎక్కువగా అక్టోబరులో, చెన్నైకి నవంబరు డిసెంబరుల్లో. చెన్నైలో ఉంటే రెండు కాలాల్లోనూ రైళ్లు ఆగే అవకాశం ఉంది.

అసలు తేల్చాల్సింది పని సంగతి. పాప ఒడిశాలో కరెంటు శాఖ వైపు రావాలనుకుంటోంది. దక్షిణ ఒడిశాలో పంపిణీ 2021 నుంచి టాటా పవర్ వాళ్ల టీపీ సదరన్ చూస్తోంది, పెద్ద లైన్లూ గ్రిడ్ సబ్‌స్టేషన్లూ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓపీటీసీఎల్‌వి. అక్కడ పనికొచ్చేది హై టెన్షన్ అనుభవం, అంటే 11 కేవీ, 33 కేవీ బ్రేకర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, రిలేలు, ఎర్తింగ్. పెద్ద ఫార్మా ప్లాంటుకు సొంత సబ్‌స్టేషన్ ఉంటుంది. డీజిల్ జనరేటర్లు, కెపాసిటర్ ప్యానెళ్లు, చల్లబరిచే చిల్లర్లు, బాయిలర్, క్లీన్ రూముకు గాలి పంపే ఏహెచ్‌యూలు, అన్నీ ఒకే విభాగం కింద ఉంటాయి. దాన్నే యుటిలిటీ అంటారు. పాపను అందులో వేస్తే నాలుగేళ్లలో చేతికి మంచి పని వస్తుంది. ఒరగడంలో నేర్చుకునేది యంత్రాలను వాటంతటవే నడిపించే ఆటోమేషన్: పీఎల్‌సీ అనే కంట్రోలర్లు, సెన్సర్లు, సర్వో డ్రైవ్‌లు, రోబో వెల్డింగ్ లైన్. అదీ గొప్ప విద్యే. పుణె, సానంద్, హోసూరు ఎక్కడికైనా తీసుకెళ్తుంది. పాప ఆశ ఆటోమేషన్ అయి ఉంటే చెన్నై అని ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి.

రెండుచోట్లా ఒకే ప్రమాదం పొంచి ఉంది. డిప్లొమా పిల్లల్ని ఎలక్ట్రికల్ అని తీసుకుని ఉత్పత్తి లైన్ మీద నిలబెడతారు. ఏడాది తర్వాత చేతిలోకొచ్చే అనుభవ పత్రంలో ‘ట్రైనీ, ప్రొడక్షన్’ అని ఉంటుంది. ఆ పత్రం పట్టుకుని కరెంటు ఉద్యోగానికి వెళ్తే విలువ ఉండదు, ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడూ అడ్డొస్తుంది. అందుకే నియామక పత్రంలోనే విభాగం పేరు ఉండాలి, ‘ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్’ అనో ‘యుటిలిటీ’ అనో. మానేసేటప్పుడు తీసుకునే పత్రంలో ఏ వోల్టేజి మీద, ఎంతకాలం, ఏ పని చేసిందో రాయించుకోవాలి. ఈ రెండు మాటలూ చేరే ముందే హెచ్‌ఆర్‌తో మాట్లాడుకోవాలి, చేరాక ఎవరూ వినరు.

ఇక కాంట్రాక్టరు విషయం. విశాఖ ఉద్యోగంలో నన్ను నిజంగా ఆపుతున్నది ఇదే. కాంట్రాక్టరు కింద చేరితే ఏడాది తిరిగేసరికి టెండరు మారి కాంట్రాక్టరు మారొచ్చు. అప్పుడు కొత్త చేరిక, కొత్త కార్డు, సర్వీసు ముక్కలు ముక్కలు. జీతంలో పీఎఫ్ కోసి ఖాతాలో కట్టని వాళ్లూ ఉంటారు. పాప చేరాక యూఏఎన్, అంటే తన పీఎఫ్ నంబరు తీసుకుని, రెండో నెల జీతం పడ్డాక ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూసుకోవాలి. తన వాటా, యజమాని వాటా రెండూ కనపడాలి. అది తర్వాతి మాట. ఇప్పుడు కంపెనీని సూటిగా ఒకటి అడగండి: ‘కంపెనీ రోల్స్ మీద, అంటే కంపెనీ సొంత ఉద్యోగిగా, ట్రైనీగా తీసుకుంటారా, కాంట్రాక్టు అయితే ఎన్నాళ్లకు రోల్స్ మీదకు మారుస్తారు?’ నిరుడు చేరిన బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారో, ఎంతమందిని రోల్స్ మీదకు తీసుకున్నారో కూడా అడగండి. ఒరగడం వాళ్లనూ ఇదే అడగాలి. ట్రైనీ అంటే కంపెనీ ట్రైనీయా, అప్రెంటిసా? అప్రెంటిస్ అయితే వచ్చేది జీతం కాదు, స్టైపెండు. పీఎఫ్ ఉండదు, ఏడాది కాగానే ఇంటికి పంపొచ్చు. మీకు సీటీసీ అని చెప్పారు కాబట్టి అప్రెంటిస్ కాకపోవచ్చు, అయినా కాగితం మీద చూసుకోండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడా ఇచ్చెయ్యకండి. చూపించి, జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ ఇంటికి తెచ్చుకోవాలి. బాండు అడిగితే ఎన్ని నెలలు, ఎంత మొత్తం అన్నది చదవకుండా సంతకం పెట్టొద్దు.

ఫార్మా అనగానే తల్లిదండ్రులకు భయం ఉంటుంది, ఉండాలి కూడా. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా యూనిట్‌లో జరిగిన ప్రమాదంలో ప్రాణాలు పోయాయి. సాల్వెంట్ ఆవిరి ఉన్నచోట ఎలక్ట్రికల్ మనిషి పని మిగతా చోట్ల లాంటిది కాదు. అక్కడి లైట్లూ స్విచ్చులూ జంక్షన్ బాక్సులూ ఫ్లేమ్‌ప్రూఫ్ రకం. లోపల నిప్పురవ్వ పుట్టినా మంట బయటికి రాకుండా మూతకూ బాక్సుకూ మధ్య సందు చాలా సన్నగా ఉంచుతారు. మూతకు ఎనిమిది బోల్టులుంటే ఎనిమిదీ ఉండాలి. విప్పినవాడు తొందరలో రెండు బిగించకుండా వదిలేస్తే సందు పెరుగుతుంది, ఆ బాక్సు ఫ్లేమ్‌ప్రూఫ్ కానట్టే. కేబుల్ తీసేసిన రంధ్రాన్ని ఎం-సీల్ ముద్దతో మూయడం కూడా అలాంటి తప్పే, దానికి సరైన ప్లగ్గు వెయ్యాలి. ఇంటర్వ్యూ రోజునో చేరే రోజునో ప్లాంటు తిప్పి చూపిస్తారు. అప్పుడు పాప నాలుగు బాక్సుల మూతలు చూస్తే చాలు, ఆ కంపెనీ మెయింటెనెన్స్ ఎలా ఉందో తెలిసిపోతుంది. పని మొదలుపెట్టే ముందు వర్క్ పర్మిట్ రాస్తారా, బ్రేకర్ ఆపి తాళం వేసి ట్యాగు కడతారా అని అడగాలి. ‘అంత అవసరం రాదులే’ అన్న జవాబు వస్తే జీతం ఎంతైనా వద్దు.

రాత్రి షిఫ్టు రెండుచోట్లా ఉంటుంది. ఆడపిల్లను రాత్రి షిఫ్టుకు వేయాలంటే తన సమ్మతి కావాలి. వాహనం హాస్టల్ గేటు దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీద దించేస్తుందా అన్నది తప్పకుండా కనుక్కోండి.

భాష గురించి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. పాప ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, చదవడం బహుశా రాదు. బరంపురం పిల్లల్లో చాలామందిది ఇదే పరిస్థితి. పరవాడలో ఎస్‌ఓపీలు, అంటే పని ఎలా చేయాలో రాసిన పత్రాలు, ఇంగ్లీషులో ఉన్నా, హెచ్చరిక బోర్డులు, హెల్పర్లు రాసిచ్చే చీటీలు తెలుగులో ఉంటాయి. భయపడాల్సింది లేదు. క, ఖ, గ, ఘ వరుస ఒడియాలోలాగే ఉంటుంది, గుణింతం పద్ధతీ తెలిసిందే. తడబడేది ఎ-ఏ, ఒ-ఓ దగ్గర. ఒడియాలో ఆ పొట్టి పొడుగు తేడా లేదు. దానిమీద ఎక్కువ రాయించండి. రోజూ అరగంట కూర్చుంటే చేరేలోపు బోర్డు చదివే స్థాయికి వస్తుంది. ఒరగడంలో తమిళం కొత్తగా నేర్చుకోవాలి. అయితే ఆ పారిశ్రామిక వాడల్లో ఒడిశా పిల్లలు చాలామంది ఉన్నారు, ఒంటరిననిపించదు.

రిజర్వేషన్ ప్రశ్నకు జవాబు: కలిసిరాదు. కుల ధ్రువపత్రం మీ సొంత రాష్ట్రానిది, అంటే ఒడిశాది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు, అది విశాఖ డాక్‌యార్డు అయినా రైల్వే అయినా, ఒడిశాకు ఉన్న కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉందా అన్నదే లెక్క. ఆంధ్రలో బీసీ అయిన ప్రతి కులమూ ఒడిశా జాబితాలో ఉండదు. ఆ జాబితా చూసి, ఉంటే తహసీల్దారు దగ్గర పత్రం ఇప్పుడే తీసుకోండి. ఆంధ్ర రాష్ట్ర ఉద్యోగాల్లో స్థానికతను చదువుకున్న సంవత్సరాలను బట్టి చూస్తారు. పాప చదువంతా బరంపురంలోనే కాబట్టి గాజువాకలో రెండేళ్లు అద్దెకున్నా లోకల్ అవదు. అందుకని ఆధార్ చిరునామా, ఓటు, ఒడిశా రెసిడెంట్ సర్టిఫికెట్ ఏవీ మార్చొద్దు. పీఎఫ్‌కూ బ్యాంకు ఖాతాకూ బరంపురం చిరునామా సరిపోతుంది. ఒడిశా రాష్ట్ర ఉద్యోగాలకు ఒడియా చదివి పాసై ఉండాలన్న నిబంధన ఉంది. ఒడియా మీడియం చదువు పాపకు అక్కడ పెద్ద బలం.

ఈఎస్ఐ కార్డు వచ్చాక కుటుంబానికి వేరే డిస్పెన్సరీ రాయించుకునే వీలుంది. మీరిద్దరూ పాప మీద ఆధారపడినవాళ్లుగా నమోదైతే మీకు దగ్గర్లోది పెట్టించుకోండి.

ఇక నా మాట. పరవాడ కంపెనీ రోల్స్ మీద తీసుకుని, యుటిలిటీ లేదా ఎలక్ట్రికల్ అని కాగితం మీద రాసిస్తే విశాఖకే పంపండి, 2,200 తక్కువైనా సరే. కాంట్రాక్టరు కిందే అంటూ, రోల్స్ మీదకు ఎప్పుడు మారుస్తారో చెప్పకపోతే చెన్నైకి పంపండి. అక్కడా మెయింటెనెన్స్ అని రాసివ్వాలి. ఇద్దరూ రాసివ్వకపోతే ఏదీ ఒప్పుకోకండి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం ఎన్ఏటీఎస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసి, ఏదైనా ప్రభుత్వ రంగ సంస్థలో లేదా విద్యుత్ సంస్థలో ఏడాది డిప్లొమా అప్రెంటిస్‌షిప్‌కు ప్రయత్నించండి. స్టైపెండు తక్కువే, కానీ పత్రంలో రాసే పని అసలైనది. రెండు కంపెనీలకూ ఈ వారమే మెయిళ్లు పెట్టండి. ఫోన్లో చెప్పిన మాటను జవాబుగా తీసుకోకండి. మెయిలు పాప పేరు మీద, పాప రాసినదిగానే వెళ్లాలి. ఉద్యోగం చేసేది తను కాబట్టి హెచ్‌ఆర్‌తో మాట్లాడటం కూడా తనకే అలవాటు కావాలి.