స్పార్క్ రాని అంబాసిడర్: కిట్ కొనేముందు ఒక బల్బు పెట్టి చూడండి

నాలుగేళ్లు షెడ్డులో ఉన్న మీ తాతగారి అంబాసిడర్ మార్క్ 2 గురించి అడిగారు. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, పెట్రోలు వస్తోంది, ప్లగ్గుల దగ్గర మాత్రం స్పార్క్ లేదు. కాయిల్ (బ్యాటరీ కరెంటును స్పార్క్‌కు సరిపడా హై వోల్టేజీకి పెంచేది), కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు రాకుండా చూసేది), ప్లగ్గులు కొత్తవి వేయించారు. ఇక పాయింట్ల బదులు పెట్టే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టించేయమని మెకానిక్ అంటున్నాడు.

కిట్ ఇప్పుడే కొనకండి. ఇదే దారిలో నేను వారం రోజులు తిరిగాను.

మా నాన్నగారి కారూ మార్క్ 2నే. చెన్నై వెస్ట్ మాంబళంలో మా ఇంటి ముందే ఉంటుంది. ఒక నవంబర్ వానల్లో సి.బి. పాయింట్లు (కాంటాక్ట్ బ్రేకర్, అంటే డిస్ట్రిబ్యూటర్ లోపల కలుస్తూ విడుతూ కాయిల్ కరెంటును తెంపే ముక్కలు) అరిగాయని నేనే కొత్తవి బిగించాను. ఆ తర్వాత స్పార్క్ పూర్తిగా పోయింది. జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు మూడుసార్లు వెళ్లి కాయిల్, కండెన్సర్, హెచ్.టి. వైర్లు (ప్లగ్గులకు స్పార్క్ మోసే హై టెన్షన్ వైర్లు) తెచ్చి మార్చాను. ఏమీ మారలేదు. నాన్నగారు రోజూ సాయంత్రం వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడేవారు, ఏమీ అనేవారు కాదు. నాకు అదే పెద్ద టెన్షన్.

చివరికి పుదుపేటలో ఉండే ఒక పెద్దాయనను పిలిచాం. నెల్లూరు వైపు మనిషి, ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన తెచ్చింది రెండు వైర్లు అతికించిన 12 వోల్టుల ఇండికేటర్ బల్బు ఒక్కటే. "సామాను సంగతి తర్వాత బాబూ, కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ముందు చూద్దాం" అన్నారు. మీరూ అక్కడే మొదలుపెట్టండి.

బల్బు ఒక వైరు ఇంజిన్ మీద శుభ్రంగా ఉన్న ఇనుముకు ఆనించండి. తాళం ఆన్ చేసి, రెండో వైరు కాయిల్ మీద స్విచ్ నుంచి వచ్చే వైరు ఉన్న టెర్మినల్‌కు పెట్టండి. పాత కాయిల్ మీద దానికి ఎస్.డబ్ల్యూ. అని రాసి ఉంటుంది. వెలగకపోతే తప్పు ఇంకా వెనకాల ఉంది, అంటే స్విచ్ లేదా వైరింగ్. కాయిల్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

అక్కడ వెలిగితే రెండో వైరును సి.బి. టెర్మినల్‌కు మార్చండి. డిస్ట్రిబ్యూటర్‌కు, అంటే ఒక్కో ప్లగ్గుకు వరసగా స్పార్క్ పంచే డబ్బాకు, సన్న వైరు వెళ్లేది అక్కడినుంచే. ఇంకొకరిని హ్యాండిల్ వేసి ఇంజిన్ మెల్లగా తిప్పమనండి. పాయింట్లు విడినప్పుడు బల్బు వెలగాలి, కలిసినప్పుడు ఆరిపోవాలి. నా అనుభవంలో అసలు సమాధానం దొరికేది ఇక్కడే.

ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలిసినా కరెంటు ఎర్త్‌కు, అంటే బండి ఇనుముకు, పోవడం లేదన్నమాట. నాలుగేళ్లు కదలని బండిలో నేను ముందు అనుమానించేది ఇదే. చెన్నై ఉప్పుగాలికి పాయింట్ల మీద పొర కడుతుంది. చూస్తే శుభ్రంగానే కనిపిస్తాయి, కానీ కరెంటు పోదు. సన్నటి ఎమెరీ కాగితంతో ఒకసారి రుద్ది, పెట్రోలులో తడిపిన గట్టి అట్టముక్కతో తుడవండి. కొత్త పాయింట్ల మీద కూడా తుప్పు పట్టకుండా నూనె పూత ఉండొచ్చు, వాటినీ తుడిచే బిగించాలి. పాయింట్లు పూర్తిగా విడినప్పుడు గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యోవంతులు), అంటే సుమారు 0.38 మిల్లీమీటర్లు.

అసలు వెలగకపోతే కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్న వైరు విప్పి, సి.బి. దగ్గర మళ్లీ చూడండి. అప్పుడూ వెలగకపోతే కాయిల్ లోపల తెగింది. ఇప్పుడు వెలిగితే కాయిల్ లోపల తెగలేదు, డిస్ట్రిబ్యూటర్ లోపల ఎక్కడో ఎర్త్ అవుతోంది. మా కారులో జరిగింది ఇదే. పాయింట్ల స్ప్రింగు కూర్చునే చిన్న పోస్టు దగ్గర ఫైబర్ వాషర్ ఉంటుంది. కండెన్సర్ వైరు, కాయిల్ వైరు ఆ స్ప్రింగునే తాకాలి, పోస్టును తాకకూడదు. నేను వాషర్‌ను తప్పు వరుసలో పెట్టాను. పాయింట్లు విడినా కలిసినా కాయిల్ ఎర్త్‌లోనే ఉండిపోయింది. పెద్దాయన నట్టు విప్పి వరుస సరిచేసేసరికి పది నిమిషాలు. ఆ ఫైబర్ ముక్క ఖరీదు కొన్ని రూపాయలు ఉంటుందేమో.

కండెన్సర్ లోపల షార్ట్ అయినా, లోపలి వైరు తొడుగు చిట్లి పాయింట్లు కూర్చునే బేస్ ప్లేటుకు తగిలినా లక్షణం ఇదే. ఒక్కొక్కటీ విడదీసి బల్బుతో చూస్తే తేలిపోతుంది.

బల్బు సరిగ్గా వెలిగి ఆరుతుంటే అప్పుడు హెచ్.టి. వైపు రండి. కాయిల్ నడిమి వైరును పొడి చెక్క క్లిప్పుతో పట్టుకుని ఇంజిన్ ఇనుముకు 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంచండి. పాయింట్లు విడినప్పుడు స్పార్క్ నీలంగా, టక్కుమని శబ్దంతో దూకాలి. పసుపుగా సన్నగా వస్తే కండెన్సర్‌ను అనుమానించాలి. చుట్టుపక్కల పెట్రోలు చెమ్మ లేకుండా చూసుకోండి. పాయింట్లు కలిసి ఉండగా తాళం ఎక్కువసేపు ఆన్‌లో వదలొద్దు, కాయిల్ కాలిపోతుంది.

ఇక్కడ మంచి స్పార్క్ ఉండి ప్లగ్గుల దగ్గర లేకపోతే రోటర్ (డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ స్పార్క్‌ను పంచే ముక్క), క్యాప్ (దాని పై మూత) చూడాలి. రోటర్ విషయం కాస్త గట్టిగా చెప్తాను. మా బండి బాగైన రెండు వారాలకు వేడెక్కాక వడపళని సిగ్నల్లో ఆగిపోయింది. చూడ్డానికి కొత్త రోటర్‌కు ఏ లోపమూ లేదు. రోటర్ షాఫ్టు మీదే ఉండగా కాయిల్ నడిమి వైరును దాని ఇత్తడి ముక్కకు 3 మిల్లీమీటర్ల పైన పట్టి పాయింట్లను వేలితో విడదీస్తే, ప్రతిసారీ బలంగా స్పార్క్ దూకింది. అంటే కరెంటు రోటర్ గుండా లోపలి షాఫ్టులోకి పోతోంది. మంచి రోటర్ మీద అలా దూకదు. నాన్నగారి పెట్టెలో దాచిన పాత రోటర్ వేశాం, ఇప్పటికీ అదే నడుస్తోంది. అందుకే పాత భాగాలు పారేయకండి.

మీరు కాయిల్ మార్చారు కాబట్టి ఇంకో మాట. కొత్తవాటి మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. మీ బండికి బ్యాటరీ ప్లస్ బాడీకి ఎర్త్ అయి ఉంటే కాయిల్ మైనస్ స్విచ్ వైపు ఉండాలి. మైనస్ ఎర్త్ అయితే ప్లస్ స్విచ్ వైపు. తిరగేస్తే స్పార్క్ పోదు కానీ బలహీనపడుతుంది.

గ్యారేజీల్లో డిస్ట్రిబ్యూటర్‌ను డెల్కో అంటుంటారు. ఈ పాయింట్ల పద్ధతిని కార్లలోకి తెచ్చిన చార్లెస్ కెట్టరింగ్ కంపెనీ పేరు అది, 1910 మోడల్ కాడిలాక్‌లతో మొదలైంది. వందేళ్లు దాటినా ఒక బల్బుతో తప్పు పట్టుకోగలిగేంత సూటిగా ఉంటుంది. కిట్ పెట్టినా స్విచ్ వైరు, రోటర్, క్యాప్ పాతవే కదా. తప్పు వాటిలో ఉంటే కిట్ డబ్బు దండగ.

ఆదివారం పొద్దున్నే, వెలుతురు బాగా ఉన్నప్పుడు చూడండి. సి.బి. దగ్గర బల్బు వెలుగుతూనే ఉందా, వెలగనే లేదా, లేక వెలిగి ఆరుతోందా, ఆ ఒక్క మాట ఇక్కడ రాయండి. తర్వాత ఏది విప్పాలో చెప్తాను.