ఎలక్ట్రికల్ పనికి లెక్కలు ఎంతవరకు రావాలి?

స్కూల్లో లెక్కలంటేనే భయం, ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్ కోర్సులో చేరితే నెగ్గుకురాగలనా, ముందే ఏం చదువుకోవాలి అని అడిగారు.

నెగ్గుకొస్తారు. వైరింగ్ పనిలో కాలిక్యులస్ తగలదు. దశాంశాలు, శాతాలు, వర్గమూలం, కాస్త త్రికోణమితి, అన్నిటికంటే ముఖ్యంగా ఒక ఫార్ములాలో కావలసినదాన్ని ఒక పక్కకు తెచ్చుకోవడం వస్తే చాలు. కొత్తవాళ్ల జవాబులు తప్పేది ఎక్కువగా యూనిట్లలోనే. మిల్లీనో కిలోనో మార్చడం మరిచిపోతే జవాబు వెయ్యి రెట్లు తేడా వస్తుంది. కాబట్టి ప్రతి అంకె పక్కన యూనిట్ రాయడం మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోండి.

రోజూ పడే లెక్క వోల్టేజ్ డ్రాప్, అంటే కేబుల్ పొడవునా తగ్గిపోయే వోల్టేజ్. 230 వోల్టుల మీద 3 కిలోవాట్ల హీటరు, బోర్డు నుంచి కేబుల్ 25 మీటర్లు అనుకుందాం. ముందు కరెంటు: 3000 ÷ 230, సుమారు 13 ఆంపియర్లు. కేబుల్ టేబుల్ ప్రకారం 1.5 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ 70 డిగ్రీల వేడి మీద ఉంటే ఒక్కో ఆంపియరుకి మీటరుకి 29 మిల్లీవోల్టులు పడిపోతుంది. 29 × 13 × 25 = 9425 మిల్లీవోల్టులు, అంటే 9.4 వోల్టులు, దాదాపు 4.1 శాతం. అదే 2.5 స్క్వేర్ ఎంఎం అయితే 29 బదులు 18, డ్రాప్ 5.85 వోల్టులు, 2.5 శాతం. మీ వైరింగ్ కోడ్‌లో (నియమాల పుస్తకంలో) ఉన్న హద్దుతో పోల్చి సైజు ఖాయం చేయండి. డ్రాప్ సరిపోయినంత మాత్రాన అయిపోలేదు, ఆ కేబుల్ అంత కరెంటు మోస్తుందో లేదో వేరే చూడాలి.

ఈ లెక్కలో రెండు చోట్ల దెబ్బతింటారు. 29, 18 అనే పై టేబుల్ అంకెల్లో ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిసే ఉంటాయి, మళ్లీ రెండింతలు చేయకూడదు. పొడవేమో ప్లాన్ మీద గీత కాదు. గోడ ఎక్కి, సీలింగ్ మీదుగా వెళ్లి, మళ్లీ దిగే దారంతా కలపాలి.

టెస్టింగ్‌లో లెక్క ఇంకా ఎక్కువ పనికొస్తుంది. 2.5 స్క్వేర్ ఎంఎం రాగికి 20 డిగ్రీల దగ్గర మీటరుకి 7.41 మిల్లీఓములు. అదే 25 మీటర్ల కేబుల్‌కి సప్లై తీసేసి, హీటరు విప్పేసి, ఆ చివర ఫేజ్, న్యూట్రల్ కలిపి ఈ చివర కొలిస్తే 7.41 × 50, అంటే 0.37 ఓము దగ్గర రావాలి. ముందు టెస్ట్ లీడ్స్ రెసిస్టెన్స్ సున్నా చేసుకోండి, లేకపోతే అదీ రీడింగ్‌లో కలుస్తుంది. 0.9 కనిపిస్తే ఎక్కడో స్క్రూ వదులుగా ఉంది, లేదా మధ్యలో సన్న వైరు జాయింట్ ఉంది. ఎంత రావాలో ముందే తెలియనివాళ్లు 0.9ని కూడా "చిన్న అంకేగా" అని వదిలేస్తారు. ఆ జాయింటే లోడు మీద వేడెక్కుతుంది.

ప్యారలల్ లెక్క (పక్కపక్కన కలిపిన రెసిస్టెన్సుల మొత్తం) ఇన్సులేషన్ టెస్టులో, అంటే వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతోందేమో చూసే టెస్టులో కావాలి. ఒక్కోటి 2 మెగాఓములున్న నాలుగు సర్క్యూట్లు కలిపి కొలిస్తే 0.5 మెగాఓము కనిపిస్తుంది. దానికి కంగారుపడకుండా విడదీసి కొలవాలి.

వైరు సైజు అంటే వైశాల్యం, వ్యాసం కాదు. 0.3 ఎంఎం పోగులు 36 ఉంటే 36 × 3.14 × 0.15 × 0.15 = 2.54 స్క్వేర్ ఎంఎం. వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలు.

కండ్యూట్ (వైర్లు వెళ్లే గొట్టం) వంచడానికి త్రికోణమితి. 100 ఎంఎం ఆఫ్‌సెట్‌ని, అంటే గొట్టం అంత పక్కకు జరిగి మళ్లీ నేరుగా వెళ్లేలా, 30 డిగ్రీలతో వేస్తే రెండు వంపు గుర్తుల మధ్య 100 ÷ సైన్ 30, అంటే 200 ఎంఎం. 45 డిగ్రీలైతే 141. కాలిక్యులేటర్ డిగ్రీ మోడ్‌లో ఉందో లేదో చూడండి: సైన్ 30 కొడితే 0.5 రావాలి, −0.988 వస్తే రేడియన్లలో ఉన్నట్టు.

త్రీఫేజ్‌లో 1.732 (3కి వర్గమూలం) మరిచిపోవద్దు. 7.5 కిలోవాట్ల మోటారు, 400 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు, ఆంపియర్ల లెక్కలో నిజంగా పవర్‌గా మారే వాటా) 0.85, ఎఫిషియెన్సీ (తీసుకున్న పవర్‌లో షాఫ్ట్‌కి చేరే వాటా) 0.88 అయితే 7500 ÷ (1.732 × 400 × 0.85 × 0.88) = 14.5 ఆంపియర్లు. నేమ్‌ప్లేట్ మీదున్న కిలోవాట్లు షాఫ్ట్ దగ్గరి అవుట్‌పుట్, అందుకే ఎఫిషియెన్సీతో కూడా భాగించాలి.