డిగ్రీ పిల్లల్ని ఉద్యోగానికి సిద్ధం చేయడంలో కాలేజీవాళ్లు ఏం చేయగలరు?
ఒడిశాలోని బరంపురంలో డిగ్రీ చదివే తెలుగు పిల్లలకు ఉద్యోగం విషయంలో లెక్చరర్లు, ఆఫీసు సిబ్బంది ఎలా సాయపడగలరని అడిగారు. చాలా చేయగలరు, అదీ మొదటి ఏడాది నుంచే.

పాఠం చెబుతూ ‘ఈ లెక్క బ్యాంకులో ఇలా వాడతారు’ అని ఒక్క మాట అన్నా పిల్లలకు దారి కనిపిస్తుంది. రెజ్యూమె మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని చూడాలి. ఒక బీకాం అమ్మాయి రెజ్యూమెలో తండ్రి పేరు, ఊరు, హాబీలు అన్నీ ఉన్నాయి. మూడేళ్లుగా నాన్న బట్టల కొట్లో లెక్కలు రాస్తోందన్న ముక్క లేదు. అడిగితే ‘అది కూడా పనేనా సార్?’ అంది. దాన్నే మొదటి లైనుగా రాయించాను.

ఆఫీసు సిబ్బంది సాయం ఇంకా పెద్దదని నా నమ్మకం. మన ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరంగా, మార్కుల షీటులో పూర్తిగా, ఒక్కోసారి పేరు చివర ఉంటుంది. సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు. అడ్మిషన్ అప్పుడే గుమస్తాగారు గమనించి చెబితే సరిదిద్దుకోవడానికి బోలెడు టైం ఉంటుంది.

ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు సాధారణంగా మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పాసై ఉండాలి. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఈ సంగతి ఆఖర్లో తెలిస్తే ఎంత నష్టం! ఇచ్ఛాపురం దాటి ఆంధ్రలో ప్రయత్నించేవారికి స్థానికత నిబంధనలు వేరు. స్టైపెండ్ ఇస్తూ పని నేర్పే కేంద్ర అప్రెంటిస్ పథకం నాట్స్ గురించి నోటీసు బోర్డులో తెలుగులోనూ ఒక కాగితం అంటిస్తే ఎంతో మేలు.