ముందు మంచం, తర్వాత చట్టం

చిరంజీవి అమ్మాయికి, అత్తయ్య ఆశీస్సులు.

వృద్ధుల దీర్ఘకాలిక సంరక్షణ కోసం, అందుకు కావలసిన విధానాల కోసం పనిచేస్తానని రాశావు. ఉత్తరం రెండుసార్లు చదువుకుని సంతోషపడ్డాను. ముప్పై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

మొదటి ఆరు నెలలు సదస్సుల జోలికి పోకు. మంచాన పడిన మనిషి ఉన్న ఇళ్లకు వెళ్లి కూర్చో. పక్షవాతం వచ్చిన ఒక పెద్దావిడ ఇంటికి నేను వారం వారం వెళ్లేదాన్ని. పుండ్లు పడకుండా కోడలు రెండు గంటలకోసారి ఆవిడను పక్కకు తిప్పేది. రాత్రిళ్లు ఫోనులో అలారం పెట్టుకునేది. ఒకరోజు అత్తగారి నడుము కింద ఎర్రగా కమిలిన చోటు చూపించి, "నిన్న అలారం వినపడలేదండీ" అని వెక్కివెక్కి ఏడ్చింది. నాలుగేళ్లలో ఒక్క రాత్రి నిద్రపోయినందుకు ఆ ఏడుపు! ఆ కోడలికి సెలవు ఎవరిస్తారన్నదే ఆ రోజు నుంచి నా పని అయింది.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. చాలా మంచి పని. అయితే డబ్బు చేతికందినా, నేర్పున్న మనిషి ఊళ్లో దొరకాలి కదా. నువ్వు అడగవలసింది అక్కడే ఉంది.

చట్టాన్ని మాత్రం మాట మాటా చదువు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండేలా జిల్లాకొక ఆశ్రమం గురించి 19వ సెక్షన్ చెబుతుంది. చూస్తే, రాష్ట్ర ప్రభుత్వం "ఏర్పాటు చేయవచ్చు" అని ఉంటుంది, "చేయాలి" అని ఉండదు. ఆ ఒక్క క్రియాపదం దగ్గర ఎన్ని వినతిపత్రాలు ఆగిపోయాయో నేను చూశాను. అలాగే 23వ సెక్షన్. బాగోగులు చూడాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూడకపోతే వెనక్కి తీసుకునే దారి అది. "ప్రేమాభిమానాలతో" ఇల్లు రాసిచ్చేశానంటూ దస్తావేజు ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని వచ్చే తల్లులు నీకు ఎదురవుతారు. బాగోగులు చూడాలన్న షరతు అందులో రాసి ఉందా అని మొదట వెతుకు. రాయించుకోని తల్లికి పోరాటం బరువవుతుంది. కాబట్టి రిజిస్ట్రేషను కాకముందే ఈ మాట ఊళ్లలో చెప్పించు. కదల్లేని మనిషి అధికారమిస్తే ఆమె తరఫున సంస్థ కూడా, ఈ చట్టం కింద పోషణ కేసులు వినే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. ఇది చాలామందికి తెలియదు.

వీలైతే కోళికోడ్ వెళ్లి కొన్నాళ్లు ఉండు. అక్కడ 1993లో ఉపశమన సేవ, అంటే నయంకాని జబ్బులవారికి నొప్పి, బాధ తగ్గించే సేవ, చిన్నగా మొదలైంది. ఇరుగుపొరుగువాళ్లే వారానికి కొన్ని గంటలిచ్చి రోగుల ఇళ్లకు తిరిగారు. కేరళ ప్రభుత్వ విధానం 2008లో వచ్చింది, అంటే పదిహేనేళ్ల తర్వాత. విధానం కోసం ఎదురుచూసి ఉంటే ఆ ఇళ్ల తలుపులు ఎవరు తట్టేవారు?

జీతం మొదట్లో తక్కువే ఉంటుంది. మీ నాన్నకు ఆ సంగతి నేను నచ్చచెబుతాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ కోడలి దగ్గరికి తీసుకెళతాను. అత్తగారు పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ అర్ధరాత్రి రెండింటికి తనకు మెలకువ వచ్చేస్తుందట.

నీ
అత్తయ్య