హెర్మిట్ క్రాబ్‌లకు గాజు తొట్టి ఎలా సిద్ధం చేయాలి?

దుకాణంవారు ఇచ్చిన తీగల పంజరంలో, రంగురాళ్ల మీద మీ రెండు హెర్మిట్ క్రాబ్‌లు (ఖాళీ నత్త గుల్లల్లో ఒళ్లు దాచుకుని తిరిగే పీతలు) ఉన్నాయనీ, వాటిలో ఒకటి వారం రోజులుగా మూలన చేరి కదలడం లేదనీ, ఇప్పుడు పెద్ద గాజు తొట్టి కొనాలనుకుంటున్నాననీ, అందులో ఏమేమి అమర్చాలో చెప్పమనీ అడిగారు. తొమ్మిదేళ్ల క్రితం నేను కూడా అటువంటి పంజరంతోనే మొదలుపెట్టాను. అప్పుడు తెచ్చుకున్న మూడు పీతల్లో రెండు మూడు నెలలు తిరగకుండానే చనిపోయాయి, మూడోది మాత్రం ఇప్పటికీ నా దగ్గర క్షేమంగా ఉంది. ఆ రెండూ ఎందుకు పోయాయో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది కాబట్టి, మీకు అంత ఆలస్యం కాకూడదని ఈ జవాబు కొంచెం వివరంగానే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు గాలి సంగతి చెప్పాలి. ఇవి నేల మీద తిరిగే పీతలే అయినా మొప్పలతోనే ఊపిరి తీసుకుంటాయి. గాలిలోని ప్రాణవాయువును గ్రహించడానికి తగినట్టుగా ఆ మొప్పలు మారాయి గానీ, తడిగా ఉన్నంతవరకే అవి పనిచేస్తాయి. చుట్టూ ఉన్న గాలి పొడిబారితే మొప్పలు కొంచెం కొంచెంగా ఎండిపోయి, పీత రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి ఊపిరాడక బాధపడుతూ చనిపోతుంది. పైకి చూసేవారికి అది మందకొడిగా ఉన్నట్టే కనిపిస్తుంది. తీగల పంజరంలో ఎన్నిసార్లు నీళ్లు చిలకరించినా తేమ నిలవదు. కాబట్టి పెద్ద తొట్టి వచ్చేదాకా ఆగకుండా, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె ఏదైనా తీసుకుని, అడుగున తడిపి పిండిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మందంగా పరిచి, ఈ రోజే వాటిని అందులోకి మార్చండి.

తొట్టిలోని గాలిలో తేమ 80 శాతం దగ్గర ఉండాలి. 75కి తగ్గనివ్వకండి. వేడి 24 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఈ రెండూ కంటితో, చేతితో అంచనా వేసే విషయాలు కావు కాబట్టి గాలిలో తేమను కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి తప్పనిసరి, దాన్ని కూడా పరీక్షించకుండా నమ్మకూడదు. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, అది కరిగిపోకుండా ముద్దలా తడిసేంత నీరు మాత్రమే చేర్చి, హైగ్రోమీటర్‌తో కలిపి గాలి చొరబడని సంచిలో 8 గంటలపాటు ఉంచితే అది 75 శాతం చూపించాలి. నా మొదటి హైగ్రోమీటర్ ఈ పరీక్షలో 86 చూపించింది. అంటే తేమ 80 శాతం ఉందని నేను నిశ్చింతగా ఉన్న రోజుల్లో నిజానికి 70 కూడా లేదన్నమాట.

తేమ నిలవడానికి జాలీ మూతకు బదులు గాజు మూతగానీ పాలిథిన్ షీటుగానీ వేయాలి. అంచున సన్నని సందు ఒకటి ఉంటే చాలు. వేడికోసం హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచని పట్టీ) వాడేటప్పుడు దాన్ని తొట్టి అడుగున ఎప్పుడూ పెట్టకండి. వెనక అద్దానికి బయటివైపు, ఇసుక మట్టానికి పైన అతికించాలి. కింది నుంచి వేడి తగిలితే ఇసుక ఎండిపోతుంది, లోపల దాక్కున్న పీతకు తప్పించుకునే దారి ఉండదు.

ఇక ఇసుక. నా అనుభవంలో అందరూ అశ్రద్ధ చేసేది దీన్నే. శుభ్రమైన సన్న ఇసుక 5 పాళ్లు, కోకోపీట్ 1 పాలు కలిపి, క్లోరిన్ తీసేసిన నీటితో తడపాలి. గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. పిల్లలు ఇసుకతో గూళ్లు కట్టేటప్పుడు ఉండే పదునే ఇక్కడా కావాలి. లోతు కనీసం 15 సెంటీమీటర్లు ఉండాలి, లేదా మీ పెద్ద పీత ఎత్తుకు మూడు రెట్లు ఉండాలి. రెండింటిలో ఏది ఎక్కువైతే అది పాటించండి. రంగురాళ్లు పనికిరావు, వాటిలో పీత సొరంగం తవ్వుకోలేదు.

ఇంత లోతు ఎందుకంటే, పీత పెరగాలంటే ఒంటిని కప్పిన గట్టి పెంకును (మోసుకు తిరిగే గుల్లను కాదు) కుబుసంలా విడవాలి, ఆ పని అది ఇసుక లోపల చీకట్లో, ఒంటరిగా చేసుకుంటుంది. అడుగుదాకా తవ్వుకుంటూ పోయి, చుట్టూ చిన్న గది కట్టుకుని, ఒంట్లో ముందే నిలవ చేసుకున్న నీటి బలంతో పాత పెంకును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. అప్పుడు దాని ఒళ్లు మెత్తగా, పాలిపోయి ఉంటుంది. ఆ తర్వాత విడిచిన పెంకునే తిని, అందులోని కాల్షియంతో కొత్త పెంకును గట్టిపరుచుకుంటుంది. చిన్న పీతకు ఇందుకు నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, పెద్దవాటికి నెలల తరబడి పడుతుంది. నా రెండో పీత అయిదు వారాలైనా పైకి రాకపోయేసరికి చనిపోయిందేమోనన్న భయంతో చెంచాతో ఇసుక తవ్వాను. అది బతికే ఉంది. తెల్లగా, తడిగా, పువ్వంత మెత్తగా ఉన్న దాన్ని పైకి తీస్తుండగా ఒక కాలు ఊడి నా చేతిలోకి వచ్చింది. రెండు రోజుల్లో అది చనిపోయింది. ఆ తర్వాత నేను ఎప్పుడూ తవ్వలేదు. ఇప్పుడున్న పెద్ద పీత ఒకసారి నాలుగు నెలలకు పైగా ఇసుకలోనే ఉండి, ఒక రాత్రి నిగనిగలాడే కొత్త కాళ్లతో తనంతట తానే నడిచి వచ్చింది.

నీటికోసం రెండు పాత్రలు కావాలి, ఒకటి మంచినీటికి, ఇంకొకటి ఉప్పునీటికి. పీత పూర్తిగా మునిగేంత లోతు ఉండాలి, సులువుగా ఎక్కిరావడానికి లోపల రాళ్లో ప్లాస్టిక్ జాలీయో ఉండాలి. అవి గుల్లలో కొంత నీటిని ఎప్పుడూ మోసుకు తిరుగుతాయి, ఆ నీటిలో ఉప్పు పాలు ఎంత ఉండాలో రెండు పాత్రల మధ్య తిరుగుతూ అవే సరిచూసుకుంటాయి. ఉప్పునీటికి వంట ఉప్పు వాడకండి. సముద్రపు చేపల అక్వేరియంలకోసం అమ్మే మెరైన్ సాల్ట్‌ను లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలపాలి. కుళాయి నీటిని రాత్రంతా ఉంచితే క్లోరిన్ పోతుందని చాలామంది అనుకుంటారు గానీ, కొన్నిచోట్ల నీటిలో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ అనే రసాయనం కలుపుతారు, అది అలా పోదు. అందువల్ల రెండు పాత్రల నీటికీ ఈ రెండింటినీ తొలగించే డీక్లోరినేటర్ మందు వాడటమే మంచిది. పంజరంతో పాటు ఇచ్చిన స్పాంజి అక్కర్లేదు, అందులో బాక్టీరియా పెరుగుతుంది.

గుల్లల విషయంలో పిసినారితనం వద్దు. ఒక్కొక్క పీతకు కనీసం మూడు నాలుగు ఖాళీ గుల్లలు, ఇప్పుడున్న దానికంటే కొద్దిగా పెద్ద నోరున్నవి, ఉండేలా చూడండి. తగినన్ని లేకపోతే ఒకదాని గుల్లకోసం మరొకటి పోట్లాడుతుంది, ఆ పోట్లాటలో ప్రాణాలే పోవచ్చు. రంగులు పూసినవి అసలు వద్దు, ఆ రంగు పెచ్చులుగా ఊడి పీతల నోట్లోకి పోతుంది. కొత్త గుల్లలను మరిగించి, చల్లార్చి పెట్టాలి. కరీబియన్ జాతి పీతలు గుండ్రని నోరున్న టర్బో అనే సముద్రపు నత్త గుల్లలను ఇష్టపడతాయి, ఈక్వడార్ జాతివి కోలగా ఉన్న నోటిని ఎంచుకుంటాయి. గుల్ల మారే ఘట్టాన్ని నేను ఈ తొమ్మిదేళ్లలో రెండుసార్లే దగ్గరగా చూడగలిగాను. పీత కొత్త గుల్లను కాళ్లతో దొర్లించి, లోపలికి గోరు చొప్పించి లోతు కొలిచి, మీసాలతో అంచంతా తడిమి, దాదాపు ఇరవై నిమిషాలు ఆలోచించినట్టు కదలకుండా ఉండిపోయింది. ఆపైన మెత్తని, మెలితిరిగిన వెనక భాగాన్ని పాత గుల్లలోంచి లాగి కొత్త గుల్లలోకి దూర్చేసింది. అదంతా రెప్పపాటులో జరిగిపోయింది.

మిగిలినవి తేలికే. ఎక్కడానికి బెరడు ముక్కలు, వల, దాక్కోవడానికి కొబ్బరిచిప్పలు పెట్టండి. దేవదారు, పైన్ వంటి జిగురు కారే చెట్ల కర్ర మాత్రం వద్దు. పగలు 12 గంటలు వెలుతురు, రాత్రి చీకటి ఉండాలి. తిండికి ఉప్పు, నూనె, మసాలా లేని పళ్లు, కూరగాయలు, ఆకుకూరలు, ఉడికించిన గుడ్డు, ఎండు రొయ్యలు పెట్టవచ్చు. కాల్షియంకోసం గుడ్డుపెంకుల పొడి గానీ కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని గట్టి పెంకు) గానీ ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. రెండు చిన్న పీతలకు 40 లీటర్ల తొట్టి సరిపోతుందంటారు గానీ, లోతైన ఇసుక పోశాక తిరగడానికి చోటు మిగలదు, అందుకని వీలైతే 75 లీటర్లది తీసుకోండి. తోడుకోసమని ఇంకో పీతను దుకాణంలో కొనవద్దని మాత్రం మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. దుకాణాల్లో అమ్మేవి దాదాపు అన్నీ సముద్రతీరాల నుంచి పట్టి తెచ్చినవే, ఎందుకంటే వీటి పిల్లలు పుట్టి పెరగడానికి సముద్రం కావాలి. సరైన చోటు దొరికితే 30 ఏళ్లకు పైగా బతకగల ప్రాణులివి. పెంచలేక ఎవరైనా వదులుకుంటున్న పీతలు ఉంటే వాటిని తెచ్చుకోండి.

మీ కదలని పీత గురించి చెప్పాలంటే, రంగు మందగించి, కళ్ల మీద తెల్లని పొర కమ్మినట్టు ఉంటే అది బహుశా కుబుసం విడవడానికి సిద్ధమవుతోంది, రంగురాళ్లలో తవ్వుకోలేక అలా ఉండిపోయింది. కుళ్లిన చేప వాసన వస్తే తప్ప అది చనిపోయిందని అనుకోకండి, గుల్లలోంచి లాగి చూడకండి. అయితే ఎండిన మొప్పలు పూర్తిగా కోలుకుంటాయని చెప్పలేం. నా పీతల్లో మొదటిది తొట్టిలోకి మార్చిన పదో రోజున చనిపోయింది. మీకూ అలా జరిగితే తొట్టిలో ఏదో తప్పు చేశారని అనుకోవద్దు.

తొట్టి అమర్చాక రెండు మూడు రోజులు ఖాళీగానే ఉంచి, తేమ, వేడి అంకెలను పొద్దునా రాత్రీ రాసుకోండి. అవి నిలకడగా ఉన్నాయని తేలాక, ఒక సాయంత్రం పీతలను ఇసుక మీద, నీటి పాత్రలకు దగ్గరగా దింపి, మూత వేసి, దీపం ఆర్పేయండి.